మలేరియా గుట్టు విప్పిన మిలిటరీ డాక్టరు: సర్ రొనాల్డ్ రాస్

మన వార్షిక సంచికలో యుద్ధవీరుల జీవితాలు చదవడం మనకు అలవాటే. ఈసారి తుపాకీకి బదులు మైక్రోస్కోపు పట్టుకుని శత్రువు జాడ తీసిన ఒక యూనిఫారం మనిషి గురించి రాయాలనిపించింది. ఆయన తెలుగువాడు కాదు. జాతికి ఆంగ్లేయుడు. కానీ ఆయన పేరు చరిత్రలో నిలబెట్టిన పని మన సికింద్రాబాదులో జరిగింది. నేను సర్వీసులో ఎక్కువ కాలం మెడికల్ ల్యాబ్‌లోనే గడిపాను. మలేరియా స్లైడులు ఎన్ని చూశానో లెక్క లేదు. అందువల్ల రాస్ అంటే నాకు అదే ట్రేడులో పనిచేసి వెళ్ళిన సీనియర్ అనే భావన. ఆయన కంటికి చిక్కినది ఒకటుంది, చిక్కకుండా మిగిలినది ఒకటుంది. రెండూ మన జవాను ప్రాణానికి సంబంధించినవే కనుక రెండూ చెబుతాను.

ఇష్టం లేని చదువు

రొనాల్డ్ రాస్ 1857 మే 13న హిమాలయాల్లోని ఆల్మోరాలో పుట్టాడు. మీరట్‌లో సిపాయిలు తిరగబడి అప్పటికి మూడు రోజులే అయింది. తండ్రి భారత సైన్యంలో అధికారి, తరవాత జనరల్ అయ్యాడు. ఎనిమిదో ఏట పిల్లవాడిని చదువు కోసం ఇంగ్లండు పంపేశారు. కుర్రవాడికి బొమ్మలు వేయడం, కవిత్వం రాయడం, సంగీతం, లెక్కలు ఇష్టం. వైద్యం మాత్రం ఇష్టం లేదు. తండ్రి మాట కాదనలేక లండన్ సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో చేరాడు. చదువు అంతంతమాత్రంగా సాగినా, ఏమైతేనేం, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులోకి వచ్చాడు. మద్రాసు ప్రెసిడెన్సీకి పోస్టింగు.

మొదటి పదేళ్ళలో ఆయన మిగతా ఆఫీసర్ల లాగే ఉన్నాడు. బర్మా యుద్ధానికి వెళ్ళాడు, అండమాన్‌లో పనిచేశాడు. తీరిక దొరికితే కవిత్వం, నవలలు, గణితం. 1883లో బెంగుళూరులో ఉన్నప్పుడు బంగళాలో దోమలు విపరీతంగా ఉంటే వెతికి చూశాడు. కిటికీ దగ్గరి నీళ్ళ తొట్టిలో పిల్లపురుగులు కదులుతున్నాయి. నీళ్ళు పారబోస్తే దోమలు తగ్గాయి. మెస్సు చుట్టూ ఉన్న తొట్లు కూడా ఒలిచేద్దామంటే అడ్జుటెంటు ఒప్పుకోలేదట! యూనిట్లలో శానిటేషన్ డ్యూటీ చేసిన మనవాళ్ళకు ఈ సంగతి కొత్తగా అనిపించదు.

ఆ రోజుల్లో మలేరియా అంటే చెడుగాలి వల్ల, బురద ఆవిరి వల్ల వస్తుందని అందరి నమ్మకం. 1880 నవంబర్ 6న అల్జీరియాలోని కాన్‌స్టంటీన్‌లో ఫ్రెంచి సైనిక డాక్టరు లావెరాన్ ఒక జవాను రక్తంలో కదిలే జీవిని చూశాడు. మలేరియాకు కారణం అదేనన్నాడు. చూశారా, ఆయనా మిలిటరీ డాక్టరే. రాస్ ఈ మాట మొదట నమ్మలేదు. 1894లో సెలవు మీద లండన్ వెళ్ళినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద డాక్టరు మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి ఆ జీవిని కళ్ళారా చూపించాడు. దోమకూ ఈ జీవికీ సంబంధం ఉండి ఉంటుందని మాన్సన్ ఊహ. ఆ ఊహను రుజువు చేయాలన్న పంతంతో రాస్ 1895లో ఇండియాకు తిరిగివచ్చాడు. పోస్టింగు ఎక్కడనుకున్నారు? సికింద్రాబాదు, 19వ మద్రాస్ ఇన్‌ఫాంట్రీ.

బేగంపేటలో రెండు దోమలు

ఈ పనికి ఆయనకు ప్రత్యేకంగా ల్యాబ్ లేదు, గ్రాంటు లేదు. రెజిమెంటు ఆసుపత్రి డ్యూటీ అయ్యాక మిగిలిన సమయంలోనే పరిశోధన. జ్వరం రోగులను దోమతెరలో పడుకోబెట్టి, పెంచిన దోమలను లోపలికి వదిలేవాడు. రక్తం తాగిన దోమకు ఒక అణా చొప్పున రోగికి సొంత జేబులోంచి ఇచ్చేవాడు. తరవాత ఆ దోమలను కోసి కడుపు గోడ అంగుళం అంగుళం వెతకడం. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి, కంటి దగ్గరి అద్దం పగిలింది. పంఖా వేస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని ఉక్కలోనే కూర్చునేవాడు. సికింద్రాబాదు వేసవి ఎరిగినవారు ఆ గది ఎలా ఉండేదో ఊహించుకోగలరు.

రెండేళ్ళ పాటు ఫలితం సున్నా. కారణం ఇప్పుడు మనకు తెలుసు. ఆయన ఎక్కువగా కోసినవి మనుషుల మలేరియా మోయని జాతుల దోమలు. దోమల శాస్త్రీయ నామాలు కూడా ఆయనకు తెలియవు. బూడిదరంగువి, చారలవి, మచ్చల రెక్కలవి అని తానే పేర్లు పెట్టుకున్నాడు. మధ్యలో కలరా పని మీద బెంగుళూరు పంపారు. 1897లో సెలవు పెట్టి ఊటీ దగ్గర సిగూరు లోయకు వెళితే ఆయనకే మలేరియా వచ్చింది. అయినా వదల్లేదు.

1897 ఆగస్టులో ఆయన మనుషులు మచ్చల రెక్కల దోమల పిల్లపురుగులు పట్టుకొచ్చారు. వీటినే మనం ఇప్పుడు ఎనాఫిలిస్ అంటాం. ఆగస్టు 16న హుస్సేన్ ఖాన్ అనే రోగిని వాటితో కుట్టించారు. రోజుకు కొన్ని చొప్పున కోస్తూ వస్తే 20వ తేదీకి రెండే మిగిలాయి. ఆ రోజు అలసిపోయి, కళ్ళు లాగుతుండగా ఒకదాన్ని కోశాడు. కడుపు గోడలో గుండ్రని కణాలు కనిపించాయి. ఒక్కొక్క దానిలో నల్లని చుక్కల గుంపు. అచ్చం మలేరియా రోగి రక్తంలో కనిపించే చుక్కల లాగే ఉన్నాయి. మర్నాడు రెండో దోమను కోస్తే ఆ కణాలు మరింత పెద్దవై ఉన్నాయి. అంటే అవి పెరుగుతున్నాయన్నమాట. దోమ కడుపులో మలేరియా జీవి బతికి పెరుగుతుందని తేలిపోయింది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినం అనడం అందుకే. బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర ఆయన పేరు మీద ఉన్న భవనం ఈ సంగతికి గుర్తు.

ఇక్కడ హుస్సేన్ ఖాన్‌ను కూడా తలచుకోవాలి. జ్వరంతో ఉన్న మనిషి అణాల కోసం దోమల చేత కుట్టించుకున్నాడు. నేటి నియమాల ప్రకారం ఒక రోగితో అలాంటి ప్రయోగం చేయాలంటే ఎన్నో అనుమతులు కావాలి. ఆయన ఎక్కడివాడో, తరవాత ఏమయ్యాడో చరిత్ర పుస్తకాలు పట్టించుకోలేదు. ఆ విజయంలో ఆయన రక్తం ఉంది.

ట్రాన్స్‌ఫర్ ఆర్డరు

ఇంత కనిపెట్టాక ఏం జరగాలి? పై అధికారులు పిలిచి పని కొనసాగించమనాలి కదా. సెప్టెంబర్‌లో ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చింది. రాజపుతానాలోని ఖేర్వాడాకు వెళ్ళమన్నారు. అక్కడ ఆయన పనికి తగ్గ మలేరియా కేసులే లేవు. సర్వీసులో ఉన్నవాళ్ళకు ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు. మాన్సన్ లండన్‌లో పట్టుబట్టి ప్రయత్నించగా 1898 మొదట్లో కలకత్తాలో పరిశోధన చేసే వీలు దొరికింది.

కలకత్తాలో ప్లేగు గొడవల వల్ల జనం డాక్టర్లంటేనే భయపడుతున్నారు. రక్తం ఇచ్చేవాళ్ళు లేరు. అప్పుడు రాస్ పిచ్చుకల వైపు తిరిగాడు. పిచ్చుకలకూ మలేరియా ఉంటుంది. మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు దోమలను, పక్షులను చూసుకునేవాడు. 1898 జులైలో దోమ కడుపు నుంచి బయలుదేరిన సన్నని దారాల వంటి క్రిములు లాలాజల గ్రంథిలో చేరడం చూశాడు. ఆ దోమల చేత ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకలను కుట్టిస్తే వాటికి మలేరియా వచ్చింది. చెడుగాలి కథ అంతటితో ముగిసింది. మనుషుల మలేరియాలో ఇదే చక్రాన్ని అదే ఏడాది ఇటలీలో గ్రాసీ, ఆయన సహచరులు చూపించారు. రాస్‌కు, గ్రాసీకి మధ్య ఘనత ఎవరిదన్న తగాదా ఏళ్ళ తరబడి నడిచింది. అందులో రాస్ మాట తీరు మర్యాదగా లేదని ఆయన్ని అభిమానించేవాళ్ళు కూడా ఒప్పుకుంటారు.

1899లో మేజర్ హోదాలో సర్వీసు వదిలి లివర్‌పూల్‌లో ఉష్ణమండల వైద్యం బోధించాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. బ్రిటిష్ పౌరుల్లో అది మొదటిది. 1911లో సర్ బిరుదు. దోమలన్నిటినీ చంపనక్కరలేదని, ఒక స్థాయి కంటే తగ్గిస్తే చాలు, మలేరియా దానంతట అదే క్షీణిస్తుందని లెక్కలు కట్టి చూపించాడు. నేటి అంటువ్యాధుల గణితానికి అది ఒక పునాది. చిన్నప్పటి లెక్కల పిచ్చి వృథా పోలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం ఆయన ఇంటికీ వచ్చింది. పెద్ద కుమారుడు 1914 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని లె కాటో పోరులో చనిపోయాడు. రాస్ యుద్ధ శాఖకు మలేరియా సలహాదారుగా పనిచేశాడు. ఆ యుద్ధంలో సలోనికా రంగంలో బ్రిటిష్ సైన్యానికి శత్రువు గుళ్ళ కంటే మలేరియా ఎక్కువ నష్టం చేసింది. మలేరియాతో ఆసుపత్రిలో చేరికలే లక్షన్నర దాటాయి. దోమ గుట్టు తెలిసిన ఇరవై ఏళ్ళకు కూడా పరిస్థితి ఇది. గుట్టు తెలియడం వేరు, క్యాంపులో అమలు చేయడం వేరు.

చివరి రోజుల్లో తనకు తగిన గుర్తింపు, డబ్బు దక్కలేదన్న అసంతృప్తి ఆయన్ని వదల్లేదు. 1926లో లండన్‌లో ఆయన పేరు మీద ఇన్‌స్టిట్యూట్ తెరిచారు. అక్కడే 1932 సెప్టెంబర్ 16న కన్నుమూశాడు.

ఆయన కంటికి చిక్కనిది

మామూలుగా రాస్ జీవితం ఇక్కడితో ముగిస్తారు. కానీ ఆయన చూసిన ఆ జీవి లోపల మరొక వస్తువు ఉంది. ఏ రంగు వేసినా మా ల్యాబ్ మైక్రోస్కోపులకు అది కనిపించదు. రాస్‌కూ కనిపించే అవకాశం లేదు.

ముందు ఆయన చూసిన నల్లచుక్కల సంగతి. మలేరియా జీవి ఎర్ర రక్తకణంలో దూరి హిమోగ్లోబిన్‌ను తింటుంది. తినగా మిగిలిన ఇనుముతో కూడిన భాగం దానికి విషం. దాన్ని గట్టి పలుకులుగా మార్చి పక్కన పెట్టుకుంటుంది. పొయ్యిలో మిగిలిన బూడిద లాంటిది అనుకోండి. రాస్ ఆ బూడిదను బట్టి దొంగను పట్టుకున్నాడు.

1960ల నుంచి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుల్లో ఈ జీవి లోపల పొరలు పొరలుగా ఉన్న చిన్న సంచి ఒకటి కనబడుతూ వచ్చింది. అదేమిటో ఎవరికీ అంతుపట్టలేదు. 1975లో పక్షుల మలేరియా జీవి నుంచి గుండ్రని డి.ఎన్.ఏ. ఉంగరం ఒకటి వేరు చేశారు. రాస్ పిచ్చుకల్లో పట్టుకున్న జీవికి అది దగ్గరి చుట్టమే. కణానికి శక్తి ఇచ్చే మైటోకాండ్రియాది అయి ఉంటుందని అప్పట్లో అనుకున్నారు. తరవాత మనుషుల మలేరియా జీవిలో కూడా అలాంటి ఉంగరం మీది అక్షరాలు చదివారు. సుమారు 35 వేల అక్షరాల జతలు. చదివేకొద్దీ ఆశ్చర్యం! ఆ జన్యువులు మైటోకాండ్రియావి కావు. మొక్కల ఆకుల్లో ఉండే హరితరేణువుల జన్యువులతో పోలికలున్నాయి. 1996, 1997 సంవత్సరాల్లో వచ్చిన పరిశోధనలు ఆ ఉంగరం ఉండే చోటు ఆ పొరల సంచే అని తేల్చాయి. దానికి ఎపికోప్లాస్ట్ అని పేరు పెట్టారు. రాస్ బేగంపేట దోమకు అప్పటికి సరిగ్గా నూరేళ్ళు.

మొక్కలది మలేరియా జీవిలోకి ఎలా వచ్చింది? కోట్ల ఏళ్ళ కిందట ఈ జీవి పూర్వీకుడు ఎర్ర నాచు జాతికి చెందిన ఒక చిన్న కణాన్ని మింగాడు. అరిగించుకోకుండా లోపలే ఉంచుకున్నాడు. ఆ నాచు కణం కూడా అంతకుముందు ఎప్పుడో ఒక బాక్టీరియాను లోపల ఉంచుకున్న జీవి సంతానమే. అందుకే ఈ సంచికి నాలుగు పొరలు. మొదట్లో అది ఎండను పట్టి ఆహారం తయారుచేసేది. ఆతిథ్యం ఇచ్చిన జీవి పరాన్నజీవిగా మారి మన రక్తంలో, కాలేయంలో చీకట్లో బతకడం మొదలెట్టాక ఎండతో పనిలేకపోయింది. ఆకుపచ్చ పోయింది. కిరణజన్య సంయోగక్రియ పోయింది. ఇది ఊహాగానమే అనుకునేవాళ్ళకు 2008లో సమాధానం దొరికింది. సిడ్నీ తీరంలోని పగడాల్లో దొరికిన క్రోమెరా అనే జీవి మలేరియా జీవికి దూరపు బంధువు. అది ఇప్పటికీ ఎండతో ఆహారం చేసుకుంటోంది.

మరి ఆకుపచ్చ పోయాక ఆ సంచి ఎందుకు పోలేదు? దానిలో వేరే వంట కూడా జరుగుతోంది. ఐసోప్రినాయిడ్లు అనే పదార్థాలకు కావలసిన ముడిసరుకు తయారయ్యేది అక్కడే. అది లేకపోతే మలేరియా జీవి బతకదు. 2011లో కాలిఫోర్నియాలో ఒక ప్రయోగం చేశారు. మందు వేసి ఈ సంచిని పోగొట్టి, ఆ ముడిసరుకును బయటి నుంచి అందించారు. సంచి లేకపోయినా జీవులు బతికాయి. సరుకు ఆపితే చచ్చాయి. రక్తంలో ఉన్న దశలో ఆ సంచి వల్ల తప్పనిసరి ప్రయోజనం అదొక్కటేనని తేలింది. కాలేయంలో, దోమలో ఉన్నప్పుడు దానికి ఇంకా కొన్ని పనులున్నాయి.

మన మాత్ర సంగతి

ఇదంతా మనకెందుకు అంటారా? మలేరియా ప్రాంతానికి కొద్ది వారాల డ్యూటీ మీద వెళ్ళేవాళ్ళకు డాక్సీసైక్లిన్ ఇస్తారని మనలో చాలామందికి తెలుసు. రోజుకు 100 మిల్లీగ్రాములు, వెళ్ళడానికి రెండు రోజుల ముందు మొదలు, తిరిగి వచ్చాక నాలుగు వారాల వరకు. అది అసలు బాక్టీరియాల మందు. మలేరియా జీవి బాక్టీరియా కాదు కదా, మరి ఎలా పనిచేస్తుంది? ఆ సంచి వంశం బాక్టీరియాది. దాని లోపల ప్రొటీన్లు తయారుచేసే యంత్రం ఇప్పటికీ బాక్టీరియా మోడలే. డాక్సీ దెబ్బ దాని మీద పడుతుంది.

అయితే ఆ దెబ్బ వెంటనే తెలియదు. ఫాల్సిపారం జాతి జీవి రక్తకణంలో సుమారు 48 గంటలు పెరిగి, పిల్లలు పెట్టి, కణాన్ని పగలగొట్టుకుని బయటికి వస్తుంది. మందు తగిలినా మొదటి తరం మామూలుగానే పెరిగి పిల్లలు పెడుతుంది. ఆ పిల్లలకు పనికిరాని సంచి వారసత్వంగా వస్తుంది. అవి కొత్త రక్తకణంలోకి దూరినా ఎదగలేక చస్తాయి. ఆలస్యంగా చంపే మందు అన్నమాట. అందుకే జ్వరం వచ్చి పడుకున్న మనిషికి డాక్సీ ఒక్కటే ఇచ్చి ఊరుకోరు. త్వరగా పనిచేసే మందు ముందు పడాలి.

నాలుగు వారాల నియమం కూడా ఇక్కడే అర్థమవుతుంది. దోమ కుట్టాక క్రిములు ముందు కాలేయంలో దాక్కుని, వారమో అంతకంటే ఎక్కువో గడిచాక రక్తంలోకి వస్తాయి. చివరి రోజున కుట్టిన దోమ వదిలినవి మీరు ఇంటికి చేరాక బయటపడతాయి. ఆ సమయానికి రక్తంలో మందు ఉండాలి. పైగా మందు పని రెండో తరంలో గానీ పూర్తికాదు. స్టేషన్ దాటగానే దోమలు లేవు కదా అని మాత్రలు ఆపేసినవాళ్ళు సెలవులో ఊరికి వెళ్ళి చలిజ్వరంతో పడిపోవడం నా సర్వీసులో ఒకటి రెండు సార్లు కాదు, చాలాసార్లు చూశాను. ఊళ్ళో డాక్టరుకు మలేరియా అన్న అనుమానమే రాదు. ఫాల్సిపారం అయితే ఆ రెండు మూడు రోజుల ఆలస్యం ప్రాణం తీయగలదు.

ఇంకొక్క మాట. వైవాక్స్ జాతి జీవులు కొన్ని కాలేయంలో నెలల తరబడి నిద్రపోతాయి. డాక్సీ వాటిని చంపదు. అందువల్ల కోర్సు పూర్తిచేసినా తరవాత జ్వరం వస్తే డాక్టరుకు ఎక్కడెక్కడ డ్యూటీ చేశారో ముందుగా చెప్పి, రక్తపరీక్ష అడిగి చేయించుకోండి. డాక్సీని నిండా గ్లాసు నీళ్ళతో వేసుకోవాలి, వేసుకోగానే పడుకోకూడదు. ఎండకు చర్మం కమిలే గుణం కొందరిలో ఉంటుంది. గర్భిణులకు, చిన్నపిల్లలకు ఇది పనికిరాదు. మీ మాత్ర మీదే, ఇంట్లో పంచకండి. మిగతాది మెడికల్ ఆఫీసరు చెప్పినట్టు చేయండి. దోమతెర, ఫుల్ చేతుల చొక్కా సంగతి మామూలే.

రాస్ చూసింది ఆ జీవి మిగిల్చిన బూడిద. దాని లోపలి ఆ సంచి ఏమిటో తెలియడానికి ఇంకో నూరేళ్ళు, ఎందరో మనుషులు కావలసి వచ్చింది. నాకు ఆయనలో నచ్చేది నోబెల్ కాదు. రెండేళ్ళు తప్పుడు దోమలను కోసి కోసి, ఇక చాలనుకోదగ్గ సాయంత్రం, మిగిలిన రెండింటిని కూడా విడిచిపెట్టకపోవడం నచ్చుతుంది. మన చేతిలో ఉన్నది అంత కష్టమైన పని కాదు. స్ట్రిప్పులో మిగిలిన మాత్రలను చివరిదాకా మింగడమే.